కళ్ళజోడు కొనే ముందు: ఏ సైటుకు ఏ అద్దం, ఎవరికి ఏది సరి

రాత్రిపూట మా మేడ మీద నిలబడి కొండవైపు చూస్తే గాలిగోపురం దగ్గర వెలిగే నామం కనిపిస్తుంది. తిరుపతిలో పెరిగినవాళ్ళకు అది రోజూ చూసేదే. పోయిన ఏడాది సెలవులకు చిత్తూరు నుంచి వచ్చిన మా అక్క కొడుకును పక్కన నిలబెట్టుకుని "అదో నామం, చూడు" అన్నాను. "నామం యాడుంది మామా? ఏదో తెల్లగా అలుక్కుపోయినట్టుంది, అంతే" అన్నాడు. నా కళ్ళజోడు తీసి వాడికి పెట్టాను. వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా "శంఖం, చక్రం గూడా ఉన్నాయే" అన్నాడు.

వాడిది తొమ్మిదో తరగతి. 2019 అక్టోబర్ 10న మన ఆంధ్రప్రదేశ్‌లో కంటి వెలుగు, అంటే ప్రభుత్వం ఉచితంగా కంటి పరీక్షలు చేయించే పథకం, మొదలైనప్పుడు ముందుగా బడి పిల్లలకే పరీక్షలు చేశారు. అప్పుడు వాడు మూడో తరగతి, చూపు బాగానే ఉందన్నారు. బాగానే ఉంది కదా అని ఆ తర్వాత మేమెవరమూ మళ్ళీ చూపించలేదు. ఆ తప్పు మాదే.

ఆ వారం వాడితోపాటు నేనూ, అమ్మా కళ్ళద్దాల షాపుకు వెళ్ళాం. వాడికి 14, నాకు 46, అమ్మకు 70 దాటాయి. ముగ్గురికీ షాపులో ఒకటే మాట చెప్పారు: "బ్లూ కట్ వేయించుకోండి సార్, అన్నిటికీ మంచిది." బ్లూ కట్ అంటే స్క్రీన్ల నీలి వెలుతురును కొంత ఆపే అద్దం. ముగ్గురి కళ్ళలో ఉన్న ఇబ్బంది వేరు, ముగ్గురూ చేసే పని వేరు. మా అమ్మకైతే ఆ రోజు కావలసింది అసలు కళ్ళజోడే కాదు. అది తెలియడానికి మాకు ఇంకో రెండు వారాలు పట్టింది. అందుకే ఇది రాస్తున్నాను. నేను డాక్టర్ని కాను, బళ్ళో టీచర్ని. ఏడో తరగతి నుంచి కళ్ళజోడు పెట్టుకుంటున్నాను.

మొదట సైటు ఏ రకమో తెలియాలి

బయటి వెలుతురు కంట్లోకి వచ్చి వంగి, వెనకనున్న రెటీనా అనే తెర మీద ఒక్కచోట కలిస్తే బొమ్మ తేటగా కనిపిస్తుంది. కనుగుడ్డు కాస్త పొడుగ్గా పెరిగితే ఆ వెలుతురు రెటీనాకు ముందే కలిసిపోతుంది. అప్పుడు దగ్గరిది బాగా కనిపిస్తుంది, దూరానిది మసకబారుతుంది. ఇది మైనస్ సైటు. మధ్యలో పల్చగా, అంచుల్లో మందంగా ఉండే అద్దం వెలుతురును కొంచెం విచ్చుకునేట్టు చేస్తుంది, దాంతో అది కలిసే చోటు వెనక్కి జరిగి రెటీనా మీదికి వస్తుంది.

ఇక్కడ ఒక చిన్న లెక్క ఉంది. ఒకటిని మీ నంబరుతో భాగించండి. వచ్చినన్ని మీటర్ల దాకానే అద్దం లేకుండా మీకు తేటగా కనిపిస్తుంది. మైనస్ 1 అయితే ఒక మీటరు. మైనస్ 2 అయితే అర మీటరు. మైనస్ 4 అయితే 25 సెంటీమీటర్లు, అంటే జానెడు దూరం కంటే కాస్త ఎక్కువ. మైనస్ అర ఉన్నవాళ్ళు ఇంట్లో అద్దాలు లేకుండా గడిపేయగలరు, బండి నడిపేటప్పుడు మాత్రం పెట్టుకోవాలి. మైనస్ 4 ఉన్నవాళ్ళు పొద్దున లేవగానే కళ్ళజోడు కోసం ఎందుకు తడుముకుంటారో కూడా ఈ లెక్కలోనే ఉంది.

ప్లస్ సైటు దీనికి తిరగబడి ఉంటుంది. కనుగుడ్డు పొట్టిగా ఉండటంతో వెలుతురు కలిసే చోటు రెటీనాకు వెనక్కి పోతుంది. మధ్యలో మందంగా ఉండే అద్దం దాన్ని ముందుకు లాగుతుంది. దీంతో చిక్కేమిటంటే, చిన్న వయసులో కన్ను లోపలి కటకాన్ని బిగించి తనంతట తానే సర్దుకుంటుంది. చార్టు మీద అక్షరాలన్నీ చదివేస్తారు, సాయంత్రానికి మాత్రం తలనొప్పి. "చూపు బాగానే ఉంది, చదువుకోవడం ఇష్టంలేక సాకులు" అని మనం పిల్లల్ని తిట్టే సందర్భాల్లో కొన్నిటి వెనక ఈ ప్లస్ సైటే ఉంటుంది.

ఇక సిలిండర్. కార్నియా, అంటే నల్లగుడ్డు ముందుండే తేటపొర, బంతిలా అన్నివైపులా ఒకే వంపుతో ఉండాలి. కోడిగుడ్డు పక్కవాటులా ఒకవైపు వంపు ఎక్కువ, ఇంకోవైపు తక్కువ ఉంటే వెలుతురు ఒక్కచోట కలవదు. వీధి దీపాలు ఒకవైపుకు సాగినట్టు, అక్షరాలకు నీడ ఉన్నట్టు కనిపిస్తాయి. చీటీలో సిలిండర్ పక్కన 1 నుంచి 180 దాకా ఉండే యాక్సిస్ అంకె ఆ వంపు ఏ దిక్కున ఉందో చెబుతుంది. సిలిండర్ పవర్ ఎక్కువగా ఉన్నవాళ్ళు పూర్తి గుండ్రటి ఫ్రేములు తీసుకోకపోవడం మంచిది. అందులో స్క్రూ వదులైతే లెన్స్ తిరిగిపోతుంది, నంబరు సరిగ్గానే ఉన్నా మసకే మిగులుతుంది.

ఒక జాగ్రత్త. రెండు చోట్ల పరీక్ష చేయించుకుంటే చీటీలు వేరుగా కనిపించి టెన్షన్ పడతాం. మైనస్ 1.00, సిలిండర్ ప్లస్ 0.50, యాక్సిస్ 90 అని ఒకరు రాస్తారు. మైనస్ 0.50, సిలిండర్ మైనస్ 0.50, యాక్సిస్ 180 అని ఇంకొకరు రాస్తారు. రెండూ అచ్చంగా ఒకటే అద్దం, రాసే పద్ధతే వేరు. సిలిండర్‌ను మొదటి అంకెకు కలిపి, సిలిండర్ గుర్తు మార్చి, యాక్సిస్‌ను 90 జరిపితే ఒకటి రెండోది అవుతుంది.

నాలుగోది చత్వారం. నలభై దాటాక లోపలి కటకం గట్టిపడి దగ్గరివాటికి సర్దుకోలేదు. ఇది జబ్బు కాదు, అందరికీ వచ్చేదే. పేపర్ను చెయ్యి చాచి పట్టుకోవడంతో మొదలవుతుంది.

పిల్లవాడికి ఏం కొన్నాం

మా వాడికి షాపులో కంప్యూటర్ టెస్ట్ చేసి మైనస్ 2 అన్నారు. నేను అక్కడ ఆర్డర్ ఇవ్వకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళాను. పిల్లల కన్ను బలంగా బిగుసుకోగలదు కాబట్టి మిషన్లో మైనస్ ఎక్కువ చూపించే అవకాశం ఉంది. కంట్లో చుక్కలు వేసి ఆ బిగువును సడలించాక చేసే పరీక్షే నమ్మదగింది. చుక్కలు వేశాక కొన్ని గంటలు, కొన్ని రకాలకైతే ఒక రోజు పైనే, దగ్గరివి మసగ్గా ఉంటాయి, ఎండ చూడలేరు. పరీక్షలు లేని రోజు చూసుకుని వెళ్ళండి. మా వాడికి చివరికి తేలింది మైనస్ 1.50.

అద్దం విషయానికొస్తే, మామూలు ప్లాస్టిక్ లెన్స్‌ను సీఆర్-39 అంటారు. చూపు చాలా తేటగా ఉంటుంది, ధర తక్కువ, కానీ బంతి తగిలితే పగలవచ్చు. పాలీకార్బొనేట్ తేలిక, దెబ్బకు అంత సులువుగా పగలదు. గీతలు త్వరగా పడతాయి, అంచుల్లోంచి చూస్తే రంగులు కొంచెం చెదిరినట్టుంటాయి. అయినా సరే, క్రికెట్ ఆడే పిల్లలకు రెండో ఆలోచన లేకుండా పాలీకార్బొనేట్. వాడికి అదే తీసుకున్నాం, ఫుల్ రిమ్ ఫ్రేములో. గాజు అద్దాలు ఇప్పటికీ కొందరు పెద్దవాళ్ళు అడుగుతారు. గీతలు పడని మాట నిజమే, కానీ బరువు, పైగా పగిలితే కంటికే ప్రమాదం. నేనైతే ఎవరికీ చెప్పను.

అక్క ఫోన్లో అడిగింది, "ఎప్పుడూ పెట్టుకుంటే నంబరు పెరగదా తమ్ముడూ? కాస్త తక్కువ పవర్ రాయించు" అని. చాలా ఇళ్ళలో ఉన్న భయమే ఇది. కళ్ళజోడు పెట్టుకున్నందుకు నంబరు పెరగదు. తక్కువ పవర్ పెట్టి మసకలో చదివిస్తే పెరగడం ఆగదు కూడా. కనుగుడ్డు పొడుగు పెరిగే వయసు అది, ఇరవై దాకా కొంత పెరుగుతుంది. దాన్ని నెమ్మది చేయడానికి పనికొస్తుందని తెలిసినవాటిలో సులువైనది రోజుకు రెండు గంటలైనా ఆరుబయట పగటి వెలుతురులో గడపడం. ఏడాదికి అర నంబరు కంటే వేగంగా పెరుగుతుంటే, తక్కువ మోతాదు అట్రోపిన్ చుక్కల గురించీ, మైనస్ పెరుగుదలను తగ్గించే ప్రత్యేక లెన్సుల గురించీ డాక్టర్ను అడగండి. క్యారెట్ తినిపించండి, మంచిదే, కానీ అది సైటును తీసేయదు.

ఇంకా చిన్న పిల్లలుంటే ఒక మాట. ఒక కంటికే ఎక్కువ సైటుంటే మెదడు ఆ కంటిని పక్కన పెట్టేస్తుంది. దాన్ని లేజీ ఐ అంటారు. ఏడెనిమిదేళ్ళ లోపు పట్టుకుంటే అద్దాలతో, బాగున్న కంటికి పట్టీ కట్టి బాగుచేయడం తేలిక. ఆలస్యమైతే ఎంత ఖరీదైన లెన్స్ పెట్టినా ఆ చూపు పూర్తిగా రాదు. బడిలో చేర్చే ముందే ఒక్కసారి చూపించండి.

పల్చటి లెన్సా, చిన్న ఫ్రేమా

నంబరు ఎక్కువైతే షాపులో 1.60, 1.67, 1.74 అని చెప్పే లెన్సులు చూపిస్తారు. ఆ అంకె పెరిగేకొద్దీ అదే పవర్‌కు అద్దం పల్చబడుతుంది, ధర పెరుగుతుంది. మైనస్ 2 లోపు వాళ్ళకు మామూలు 1.50 చాలు. నాలుగు దాటితే 1.60, ఆరు దాటితే 1.67 ఆలోచించవచ్చు.

అయితే అంతకంటే ముందు ఫ్రేము సైజు చూడండి. మైనస్ 4 కి, కంటిపాప నుంచి లెన్స్ అంచు దాకా 25 మిల్లీమీటర్లుండే పెద్ద ఫ్రేములో మామూలు లెన్స్ అంచు మధ్యభాగం కంటే సుమారు 2.5 మిల్లీమీటర్లు ఎక్కువ మందం వస్తుంది. అదే ఫ్రేముకు డబ్బు పెట్టి 1.60 లెన్స్ వేస్తే సుమారు 2.1. మామూలు లెన్సే ఉంచి 20 మిల్లీమీటర్లుండే చిన్న ఫ్రేము తీసుకుంటే 1.6. చిన్న ఫ్రేమే గెలిచింది, అదీ పైసా అదనంగా పెట్టకుండా. ఫ్రేము కాడ లోపలివైపు 50, 18, 140 అని సన్నగా రాసి ఉంటుంది. మొదటిది లెన్స్ వెడల్పు, రెండోది ముక్కు మీది ఎడం, మూడోది కాడ పొడవు, అన్నీ మిల్లీమీటర్లలో. మీకు ఇప్పటికే సౌకర్యంగా ఉన్న జోడు మీది అంకెలు ఫోన్లో ఫొటో తీసుకుని షాపుకు వెళ్ళండి.

నలభై దాటాక: నాలుగు దారులు

ఎక్కువమంది తికమకపడేదీ, ఎక్కువ డబ్బు పోయేదీ ఇక్కడే. నేనూ పోగొట్టుకున్నాను.

మొదటి దారి, దగ్గరికి మాత్రమే అద్దాలు. దూరం బాగా కనిపించేవాళ్ళకు ఇంతకంటే మంచిది లేదు. చవక, చదివే చోటు వెడల్పుగా ఉంటుంది. బస్టాండు దగ్గర అమ్మే రెడీమేడ్ జోడు పెట్టుకుంటే కళ్ళు పాడవుతాయా అంటే, పాడవవు. కాకపోతే వాటిలో రెండు కళ్ళకూ ఒకటే పవర్, సిలిండర్ ఉండదు, కంటిపాపల మధ్య దూరం అందరికీ ఒకటే లెక్క. రెండు కళ్ళ నంబరూ ఒకటైన మనిషికి అవసరానికి సరిపోతాయి. మిగతావాళ్ళకు తలనొప్పి. పైగా పరీక్ష తప్పించుకోవడానికి అవి సాకు కాకూడదు, ఎందుకంటే నలభై దాటాక చేసే పరీక్షలో అద్దాల నంబరుతోపాటు కంటి ప్రెషర్, రెటీనా కూడా చూస్తారు.

మైనస్ 2, మైనస్ 2.50 ఉన్నవాళ్ళకు ఇంకో వసతి ఉంది. కళ్ళజోడు తీసేస్తే చాలు, పేపర్ చదివేయవచ్చు. పైన చెప్పిన అర మీటరు లెక్క గుర్తుంది కదా. అలాంటివాళ్ళు ఇంట్లో చదువుకోవడానికి ఏమీ కొననక్కర్లేదు.

రెండో దారి బైఫోకల్. పైన దూరం, కింద దగ్గర, మధ్యలో గీత కనిపిస్తుంది. ఆ గీత చూసి ముసలితనం అని చాలామంది వద్దంటారు. కానీ దర్జీ పని చేసేవాళ్ళకు, పూలు కట్టేవాళ్ళకు, బియ్యం ఏరేవాళ్ళకు, తలవంచి రోజంతా దగ్గర పని చేసే ఎవరికైనా డి ఆకారంలో ఉండే బైఫోకల్ ఇచ్చే వెడల్పు ప్రోగ్రెసివ్ ఇవ్వదు. అలవాటూ త్వరగా అవుతుంది. లోపం ఒక్కటే, చేతికి అందేంత దూరంలో ఉండే కంప్యూటర్, అలమర వంటివి రెండిటిలోనూ సరిగ్గా కనిపించవు.

మూడోది ప్రోగ్రెసివ్. గీత ఉండదు, పైనుంచి కిందికి పవర్ మెల్లగా మారుతుంది. నా పనికి ఇదే సరి. బోర్డు, ముందు బెంచీ, చేతిలో నోటుబుక్కు, మూడూ ఒకే జోడులో కావాలి. అయితే రెండు పక్కలా చూపు చెదిరే భాగం తప్పకుండా ఉంటుంది, ఎంత ఖరీదైనదైనా అది తగ్గుతుందే కానీ పోదు. కళ్ళు పక్కకు తిప్పడం మాని తల తిప్పడం నేర్చుకోవాలి. ఒకటి రెండు వారాలు పడుతుంది.

నా మొదటి ప్రోగ్రెసివ్ అలవాటు కాకపోవడానికి కారణం లెన్స్ కాదు, కొలత. ఆ షాపులో కంటిపాపల దూరం మిషన్ మీద చూసి రాసుకున్నారు, ఎత్తు కొలవలేదు. నోటుబుక్కులు దిద్దాలంటే గడ్డం పైకెత్తాల్సి వచ్చేది. నెలరోజులకు మెడ పట్టేసింది. రెండోసారి వేరేచోట, ఒక అమ్మాయి నేనెంచుకున్న ఫ్రేమునే నాకు పెట్టి, ఎదురుగా నా ఎత్తుకు కూర్చుని, స్కెచ్ పెన్నుతో ఒక్కో కంటిపాప మీద డమ్మీ లెన్స్ పైన చుక్క పెట్టింది. కుడి కంటికి, ఎడమ కంటికి ఎత్తులో ఒక మిల్లీమీటరు తేడా వచ్చింది. అదే కంపెనీ లెన్స్, అదే పవర్, మూడు రోజుల్లో మర్చిపోయాను పెట్టుకున్నానని. ఆ చుక్క పెట్టని షాపులో ప్రోగ్రెసివ్ కొనకండి. ఎత్తు మరీ తక్కువున్న ఫ్రేము కూడా తీసుకోకండి, చదివే భాగం కోతలో పోతుంది.

నాలుగోది ఆఫీసు లెన్స్. చేతిదూరం నుంచి పుస్తకం దాకా వెడల్పుగా కనిపిస్తుంది, దూరం కనిపించదు. రోజుకు ఎనిమిది గంటలు కంప్యూటర్ ముందుండేవాళ్ళు దీన్ని ఆఫీసులో ఉంచుకుంటే మెడకు హాయి. బండి నడపడానికి మాత్రం వాడకూడదు.

మన ఊరి వాళ్ళకు ప్రత్యేకంగా ఒకటి చెప్పాలి. అలిపిరి నుంచి మెట్లు 3,550. ఎక్కేటప్పుడు బైఫోకల్‌తో, ప్రోగ్రెసివ్‌తో పెద్ద ఇబ్బంది లేదు. దిగేటప్పుడు కిందికి చూస్తే చూపు చదివే భాగంలోంచి పోతుంది, మెట్టు అంచు మసకగా, ఉన్నదానికంటే దగ్గరగా అనిపిస్తుంది. పెద్దవాళ్ళు తూలేది అక్కడే. గడ్డం ఛాతీకి ఆనించి పైభాగంలోంచి చూడండి, లేదా నడిచి దిగే రోజు దూరానికి మాత్రమే ఉన్న పాత జోడు పెట్టుకోండి. నేను రెండోదే చేస్తాను.

కోటింగుల గోల

డబ్బు పెట్టదగింది ఏఆర్ కోటింగ్, అంటే వెలుతురు తిప్పికొట్టని పూత. రాత్రిపూట ఘాట్ రోడ్డులో వెనకనుంచి వచ్చే హెడ్‌లైట్ల మెరుపు అద్దంలో కనపడకుండా చేసేది ఇదే. బ్లూ కట్ మాట వేరు. వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే కోక్రేన్ సంస్థ 2023లో ఇచ్చిన సమీక్ష, అవి కంటి అలసటను తగ్గిస్తాయనడానికి సరైన ఆధారం లేదని తేల్చింది. స్క్రీన్ ముందు కళ్ళు మండేది మనం రెప్పవేయడం మర్చిపోవడంతో. ఇరవై నిమిషాలకోసారి కిటికీలోంచి కొండను ఇరవై సెకన్లు చూడండి, అది ఉచితం.

ఎండకు నల్లబడే లెన్సులు మన ఎండాకాలంలో నడిచేవాళ్ళకు, బైకు మీద తిరిగేవాళ్ళకు సుఖం. కారులో మాత్రం అంతగా నల్లబడవు, ముందు అద్దమే యూవీ కిరణాలను ఆపేస్తుంది. ఏ కోటింగైనా సరే, మే నెలలో కళ్ళజోడును కారు డ్యాష్‌బోర్డు మీద వదిలేస్తే ఆ పూత సన్నగా నెర్రెలిచ్చి పాడవుతుంది.

కాంటాక్ట్ లెన్సులూ, లేజర్ ఆపరేషనూ

కాంటాక్ట్ లెన్స్ చేతులు కడుక్కునే ఓపిక ఉన్నవాళ్ళకే. పెట్టుకుని నిద్రపోకూడదు, కుళాయి నీళ్ళు తగలకూడదు. పుష్కరిణిలో మునిగే ముందు తప్పక తీసేయండి. నీళ్ళలోని క్రిములు కార్నియాకు పుండు చేస్తే చూపే పోవచ్చు. కన్ను ఎర్రబడి నొప్పి ఉంటే లెన్స్ తీసి అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి.

లేజర్ ఆపరేషన్ పద్దెనిమిది నిండి, నంబరు ఏడాదిగా మారకుండా ఉండి, కార్నియా మందం సరిపోయినవాళ్ళకు. పెళ్ళి చూపులకు ముందు హడావుడిగా చేయించుకునేవాళ్ళను చూశాను. ఆ తొందరలో కార్నియా మ్యాప్ పరీక్ష మాత్రం వదలకండి. నలభై దాటాక చత్వారం వీళ్ళకూ వస్తుంది, అది ముందే తెలిసి ఉండాలి.

అమ్మకు కళ్ళజోడు ఎందుకు కొనలేదు

అప్పటికి ఆర్నెల్లుగా అమ్మ ఎంతో సంతోషంగా ఉంది. "నాకు అద్దాలు లేకుండానే పేపర్ కనపడతా ఉంది నాయనా, స్వామి దయ" అనేది. దూరం మాత్రం మసక. షాపులో మైనస్ 2.50 రాశారు. డబ్బు కట్టబోతుంటే నాకెందుకో అనుమానం వచ్చింది. డెబ్బై దాటాక కొత్తగా మైనస్ ఎలా వస్తుంది?

కంటి ఆసుపత్రిలో కంటిపాప పెద్దది చేసి చూసి శుక్లం అన్నారు. లోపలి కటకం నడిమధ్య గట్టిపడి ముదిరేటప్పుడు కొన్నాళ్ళు దగ్గరి చూపు బాగుపడినట్టు ఉంటుంది. అది నిలిచేది కాదు. ఆ అద్దాలు కొని ఉంటే కొద్ది నెలల్లో పనికిరాకుండా పోయేవి. ఆపరేషన్ అయింది, ఆరు వారాల తర్వాత చదవడానికి ఒక మామూలు జోడు తీసుకున్నాం. ఇప్పుడు మళ్ళీ మల్లెపూలు కడుతూ దారం ముడి ఎక్కడ వేసిందో తనే చూసుకుంటోంది.

సుగర్ ఉన్నవాళ్ళకు ఇంకో సంగతి. సుగర్ ఎక్కువ తక్కువలైతే నంబరు కూడా ఊగుతుంది. అది కొన్ని వారాలు నిలకడగా ఉన్నాకే అద్దాలకు పరీక్ష చేయించుకోండి, రెటీనా పరీక్ష మాత్రం ఏడాదికోసారి ఆపకండి. నీటికాసుల జబ్బు (గ్లకోమా) కంటి నరాన్ని సడీచప్పుడు లేకుండా తింటుంది, ఏ అద్దమూ దాన్ని సరిచేయదు. ఉన్నట్టుండి మెరుపులు, నల్లచుక్కల వాన, ఒకపక్క తెర పడినట్టు కనిపిస్తే కళ్ళద్దాల షాపుకు కాదు, రుయా ప్రభుత్వ ఆసుపత్రికో, అరవింద్ కంటి ఆసుపత్రికో, దగ్గర్లో ఉన్న ఏ కంటి డాక్టర్ దగ్గరికో ఆ రోజే వెళ్ళాలి. అవి రెటీనా ఊడుతోందనడానికి గుర్తులు కావచ్చు. మైనస్ 6 దాటినవాళ్ళకు ఈ ప్రమాదం మిగతావాళ్ళకంటే ఎక్కువ.

ఇంట్లోనే ఒక చిన్న పరీక్ష చేసుకోవచ్చు. అట్ట ముక్కకు గుండుసూదితో చిన్న కంత పెట్టి, ఒక కన్ను మూసి అందులోంచి మసకగా ఉన్న క్యాలెండర్ను చూడండి. తేటపడితే చాలావరకు అద్దాలతో పోయే సైటే. తేటపడకపోతే షాపు దాటి ఆసుపత్రికి నడవండి.

జోడు చేతికి వచ్చిన రోజు, షాపు గడప దాటకముందే మీ చీటీలోని అంకెలూ, లెన్స్ కవరు మీది అంకెలూ ఒకటేనా చూసుకోండి. బయటికి వచ్చి ఒక్కో కన్ను మూసి కొండ గట్టును, పోయే బస్సు బోర్డును చూడండి. నేల ఎత్తుపల్లాలుగా అనిపించడం రెండు మూడు రోజులు సహజం. వారం దాటినా తల తిరుగుతుంటే అలవాటవుతుందిలే అని ఊరుకోకుండా చీటీ పట్టుకుని వెళ్ళి మళ్ళీ కొలిపించండి. అప్పటిదాకా పాత జోడు పారేయకండి.